పనిలో ఉత్సాహం నిలబెట్టుకోవడం: తిరుపతి లాడ్జి మేనేజర్ని తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి బస్టాండుకు నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఒక లాడ్జిలో పదిహేడేళ్లుగా పనిచేస్తున్నాను. రిసెప్షన్లో నైట్ డ్యూటీతో మొదలై ఇప్పుడు మేనేజర్ని. స్టాఫ్ 26 మంది: రిసెప్షన్, రూమ్ బాయ్స్, క్లీనింగ్ చేసే అక్కలు, లాండ్రీ, ఒక ఎలక్ట్రీషియన్, ఇద్దరు వాచ్‌మన్లు. ట్రావెల్స్ ఆఫీసు నడిపే మిత్రులు, బట్టల షాపు సూపర్‌వైజర్లు, చిత్తూరులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో షిఫ్టు చూసే మా బావమరిది కలిసినప్పుడల్లా అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే. నేను మేనేజ్‌మెంట్ కోర్సు చేసినవాణ్ని కాదు. చదివి తెలుసుకున్నది కొంత, దెబ్బలు తిని నేర్చుకున్నది ఎక్కువ.

మా స్టాఫ్‌లో ఉత్సాహమే లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

డ్యూటీ చార్ట్ దగ్గర. నవ్వకండి. రేపు ఎన్ని గంటలకు రావాలో, ఈ వారం సెలవు ఏ రోజో తెలియని మనిషికి మిగతా మాటలేవీ చెవికెక్కవు. మా లాడ్జిలో ఒకప్పుడు చార్ట్ ఆదివారం రాత్రి పదింటికి తయారయ్యేది. సోమవారం పొద్దున డ్యూటీ ఉందని క్లీనింగ్ అక్కకు రాత్రి పదకొండుకు ఫోన్ చేస్తే తెలిసేది. పిల్లల్ని ఎవరి దగ్గర వదలాలి, ఇంట్లో వంట ఎప్పుడు చేయాలి, అన్నీ ఆ ఫోను మీదే ఆధారపడేవి. ఇప్పుడు గురువారం సాయంత్రానికల్లా చార్ట్‌ను స్టోరు రూము తలుపుకు అంటిస్తాం. ఆ తర్వాత మార్చాల్సి వస్తే నేనే ఫోన్ చేసి కుదురుతుందా అని అడుగుతాను. కుదరదంటే ఇంకొకరిని అడుగుతాను.

తిరుపతిలో రద్దీ చెప్పకుండా వచ్చే చుట్టం కాదు. వేసవి సెలవులు, తమిళుల పెరటాసి నెల శనివారాలు, బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ద్వార దర్శనం పది రోజులు, శని ఆదివారాలకు కలిసొచ్చే ప్రభుత్వ సెలవులు, అన్నీ క్యాలెండర్‌లో ఉన్నవే. గరుడ సేవ ఏ రోజో నెలల ముందే తెలుస్తుంది. తెలిసీ ఆ ముందురోజు "అందరి వీకాఫ్ క్యాన్సిల్" అని మెసేజ్ పెడితే స్టాఫ్ ముఖాలు మాడిపోవా మరి?

కొత్తగా చేరిన ఏ కుర్రాడినైనా చూడండి. మొదటి వారం మెట్లు రెండేసి ఎక్కుతాడు. ఆరు నెలలకు లిఫ్ట్ కోసం నిలబడతాడు. వాడు వచ్చేటప్పుడు తెచ్చుకున్న హుషారు ఈ మధ్యలో ఎక్కడ కారిపోయిందో వెతకండి. కుండకు చిల్లి ఉంటే ఎన్ని బిందెలు పోసినా అంతే.

జీతం పెంచితే సరిపోదా?

జీతం తక్కువైతే, లేటయితే ఉత్సాహం చస్తుంది. అందులో సందేహం లేదు. ఒకటో తారీఖు జీతం ఏడో తారీఖుకు పడే చోట నా జవాబులేవీ పనిచేయవు. ముందు అది సరిచేసుకోండి.

కానీ జీతం పెరిగిన హుషారు మా అనుభవంలో రెండు నెలలకు మించి ఉండదు. ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1950లలో పిట్స్‌బర్గ్ ప్రాంతంలో సుమారు 200 మంది ఇంజనీర్లను, అకౌంటెంట్లను కలిసి, పనిలో చాలా బాగుందనిపించిన సందర్భం ఒకటి, చిరాకేసిన సందర్భం ఒకటి చెప్పమన్నాడు. చిరాకు కథల్లో కంపెనీ రూల్స్, పైవాడి ప్రవర్తన, జీతం లాంటివి ఎక్కువగా వచ్చాయి. సంతోషం కథల్లో సాధించిన పని, దక్కిన గుర్తింపు, అప్పగించిన బాధ్యత వచ్చాయి. మంచి జరిగితే మన గొప్ప, చెడు జరిగితే ఎదుటివాడి తప్పు అనుకోవడం మనిషి స్వభావమే కదా అని ఆయన పద్ధతిని తప్పుబట్టినవాళ్లూ ఉన్నారు. ఆ వాదన అటుంచితే, చిరాకు పోగొట్టడం ఒక పని, ఉత్సాహం పుట్టించడం ఇంకో పని అన్న విషయం మాత్రం నేను రోజూ చూస్తున్నదే. గదిలో ఏసీ పనిచేయకపోతే భక్తుడు రిసెప్షన్‌కు వచ్చి అరుస్తాడు. పనిచేస్తే వచ్చి దండ వేయడు.

ఇంకో మాట. 20 మంది, అంతకు మించి పనిచేసే చోట అర్హులైనవాళ్లకు ఏడాదికి కనీసం 8.33 శాతం బోనస్ చట్టప్రకారమే ఇవ్వాలి. దాన్ని దీపావళికి స్వీటు డబ్బాతో కలిపి మన దయలాగా ఇస్తే స్టాఫ్‌కు తెలియదనుకోకండి. వాళ్ల ఫోన్లలోనూ గూగుల్ ఉంది.

రోజూ లేటుగా వస్తున్నారు. ఫైన్ వేస్తే దారికొస్తారా?

నేను వేశాను. పది నిమిషాలు దాటితే 50 రూపాయలు. మొదటి వారం భయపడ్డారు. మూడో వారానికి ఒక రూమ్ బాయ్ అరగంట లేటుగా, తాపీగా వచ్చి "50 రాసుకోండి సార్" అని పైకి వెళ్లిపోయాడు. అంతకుముందు లేటైతే తల దించుకొని వచ్చేవాడు. సిగ్గుకు నేనే రేటు కట్టాను.

ఇది నా ఒక్కడి తెలివితక్కువతనం కాదని తర్వాత తెలిసింది. ఇజ్రాయెల్‌లోని హైఫా నగరంలో పది డేకేర్ సెంటర్లలో ఇద్దరు ఆర్థికవేత్తలు, యూరి గ్నీజీ, ఆల్డో రుస్టిచిని, ఇదే పరీక్షించారు. సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్లడానికి లేటుగా వచ్చే తల్లిదండ్రులకు కొన్ని సెంటర్లలో ఫైన్ పెట్టారు. లేటు తగ్గకపోగా దాదాపు రెట్టింపైంది. ఫైన్ ఎత్తేశాక కూడా పాత స్థాయికి దిగిరాలేదు. ఈ అధ్యయనం 2000లో అచ్చయింది.

మా దగ్గర చివరికి తేలిందేమిటంటే, ఉదయం ఆరింటి షిఫ్టుకు లేటుగా వచ్చే నలుగురిలో ముగ్గురిది ఒకటే బస్సు. అది తిరుపతి చేరేదే ఆరుంబావుకు. షిఫ్టును ఆరున్నరకు జరిపాం, నైట్ వాళ్లను ఒప్పించి. నాలుగోవాడు ఇప్పటికీ లేటుగానే వస్తాడు. వాడితో విడిగా మాట్లాడుతుంటాను.

నెలనెలా ఒక "బెస్ట్ ఎంప్లాయీ"ని ఎంపిక చేసి ఫొటో పెట్టవచ్చా?

పెట్టాం, తీసేశాం. మొదటి మూడు నెలలూ రిసెప్షన్ వాళ్లే గెలిచారు. భక్తులకు కనబడేది వాళ్లు, పొగిడేది వాళ్లనే. నాలుగో నెల అది మరీ బాగోదని లాండ్రీ అతనికి ఇస్తే, "పోనీలే అని ఇచ్చారు కదా సార్" అన్నాడు. ఆ ఫ్రేములో ఇప్పుడు శ్రీవారి పటం ఉంది.

మరి మెచ్చుకోవడం ఎలా?

దీనికి జవాబు కొంచెం పొడుగు, ఓపిక పట్టండి.

గుండు చేయించుకొని కొండ దిగినవాళ్లు తలకు గంధం పూసుకొని వస్తారు. గంటల కొద్దీ క్యూలో ఉన్న అలసట, అలాగే పడుకుంటారు. తెల్లారేసరికి దిండు గలీబు మీద పచ్చటి మచ్చ. ఎంత ఉతికినా పూర్తిగా పోదు. మచ్చ ఉన్న గలీబు వేస్తే తర్వాత దిగినవాళ్లు గొడవ, పారేస్తే యజమాని గొడవ. ఒకరోజు రెండో అంతస్తు చూసే అక్క వచ్చి, "పాత టవళ్లు పడేయొద్దు సార్, నాకియ్యండి. గుండుతో వచ్చినోళ్లు కనిపిస్తే దిండు మీద పరిచేసి, స్వామీ, దీనిమీద తల పెట్టుకోండి అని చెప్తా" అంది. అంతే. ఖర్చు సున్నా. గలీబులు కొనడం బాగా తగ్గింది.

నెలాఖరు లెక్కలు చూడటానికి యజమాని వచ్చినప్పుడు ఆమెను పిలిపించి, ఆ సంగతి ఆమె ముందే, ఆమె పేరుతోనే చెప్పాను. ఆయన "బాగుందమ్మా" అన్నది రెండు మాటలే. కానీ ఆ టవళ్లకు ఈరోజుకీ మా లాడ్జిలో ఆమె పేరే. కొత్తవాళ్లకు అది నేర్పేదీ ఆమే. ఆ తర్వాత ఆమె ఇంకో మూడు సలహాలు ఇచ్చింది. ఒకటి పనికి రాలేదు. ఎందుకు రాలేదో కూడా ఆమెకు చెప్పాను.

దీనికి ఏడాది ముందు జరిగింది కూడా చెప్పాలి. లిఫ్ట్ పక్కన సామాన్ల బండి ఒకటి ఎప్పుడూ ఉంచుదామని ఒక రూమ్ బాయ్ నాతో అన్నాడు. నేను దాన్ని మీటింగులో నా ఆలోచనగా చెప్పాను. కావాలని కాదు, మాటల వేగంలో అలా వచ్చేసింది. వాడు వెనక వరసలో నిలబడి వింటున్నాడు. ఏమీ అనలేదు. మా దగ్గర ఉన్నన్నాళ్లూ మళ్లీ ఒక్క సలహా ఇవ్వలేదు.

కాబట్టి "సూపర్, కీపిటప్" అని అందరికీ పంచే మెచ్చుకోలు వద్దు. ఏ పని, ఎవరు, దానివల్ల ఏమైంది, ఈ మూడూ చెప్పండి. తిట్టాల్సి వస్తే మాత్రం తలుపు వేసి చెప్పండి.

"ఇది స్వామివారి భక్తుల సేవ" అని చెబితే పనిచేస్తుందా?

తిరుపతిలో ప్రతి యజమాని ఏదో ఒకరోజు వాడే మాట ఇది. అందులో నిజం లేకపోలేదు. అర్ధరాత్రి రెండింటికి పసిపిల్లతో వచ్చిన కుటుంబానికి గది సర్ది, వేడి నీళ్లు తెచ్చిస్తే, ఆ తల్లి "నీ కడుపు చల్లగా, నాయనా" అంటుంది. ఆ మాటకు మా నైట్ బాయ్ ముఖం వెలిగిపోవడం నేను కళ్లారా చూశాను. ఏ కొటేషనూ అంత పని చేయదు.

అయితే అదే మాటను ఓవర్‌టైమ్ డబ్బులు ఎగ్గొట్టడానికి వాడితే విషమవుతుంది. "శ్రీవారి సేవకులు జీతం లేకుండా చేయట్లేదా?" అని ఒక పెద్దమనిషి నాతో వాదించాడు. చేస్తున్నారు, నిజమే. టీటీడీ 2000లో మొదలుపెట్టిన ఆ సేవకు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. కానీ వాళ్లు తమంతట తాము పేరు రాయించుకొని వస్తారు, కొద్ది రోజులు చేస్తారు, ఇంటికి వెళ్లి ఆ తృప్తిని ఏడాదంతా చెప్పుకుంటారు. మా స్టాఫ్ ఏడాది పొడవునా ఇక్కడే ఉండాలి, ఇంటద్దె కట్టాలి, పిల్లల ఫీజులు కట్టాలి. ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయాన్ అనే పరిశోధకులు మనిషిలోంచి వచ్చే ప్రేరణకు మూడు అవసరాలు చెప్పారు: తన ఇష్టంతో చేస్తున్నానన్న భావన, చేయగలనన్న నమ్మకం, నలుగురితో బంధం. సేవకు వచ్చేవాళ్లలో మొదటిది నిండుగా ఉంటుంది. ఆర్డరు వేసి చేయించే "సేవ"లో పోయేది కూడా అదే.

టార్గెట్లు పెట్టాలా?

పెట్టండి, అంకె చెప్పండి. "బాగా చేయండి" అంటే ఎవరికి తోచిన బాగు వాళ్లది. గ్యారీ లాథమ్ అనే పరిశోధకుడు, ఆయన సహచరుడు 1975లో ప్రచురించిన ఉదాహరణ ఒకటుంది. అమెరికాలో కలప దుంగలు మోసే లారీలకు, చట్టం అనుమతించిన బరువులో దాదాపు 60 శాతమే ఎక్కించేవాళ్లు. వీలైనంత ఎక్కించండని చెప్పినంత కాలం మార్పు లేదు. 94 శాతం అని కచ్చితంగా చెప్పాక కొన్ని నెలల్లోనే 90 దాటారు. జీతంలో మార్పు లేదు.

ఇక్కడో చిక్కుంది. ఖాళీ అయిన గది 40 నిమిషాల్లో సిద్ధం కావాలని మేం పెట్టాం. అయింది. బాత్రూమ్ మూలల్లో జుట్టు మాత్రం మిగిలిపోయేది. గడియారం మూలలు చూడదు కదా. ఇప్పుడు 50 నిమిషాలు, మూలలతో సహా.

వాట్సాప్ గ్రూపులో రోజూ మంచి మాటలు పెడుతున్నాను. ఉపయోగమేనా?

మీకు కాలక్షేపం. రాత్రి తొమ్మిది తర్వాత ఆ గ్రూపులో డ్యూటీ గురించి ఏమీ పెట్టకుండా ఉంటే ఇంకా ఎక్కువ మేలు చేసినవారవుతారు.

టిప్పుల దగ్గర గొడవలు. ఎలా పంచాలి?

రూమ్ బాయ్‌కి టిప్పు దొరుకుతుంది, అదే గది కడిగిన అక్కకు దొరకదు. మా దగ్గర రిసెప్షన్‌లో ఒక డబ్బా పెట్టాం. చేతికి ఇచ్చింది చేతిదే, డబ్బాలో పడింది క్లీనింగ్, లాండ్రీ వాళ్లది. వారానికోసారి అందరి ముందు లెక్క. మేనేజర్ వాటా తీసుకోకూడదు, ఒక్క రూపాయి కూడా.

నాకంటే వయసులో పెద్దవాళ్లు నా కింద పనిచేస్తున్నారు. మాట వినరు.

ఎలా పిలుస్తున్నారో ముందు చూసుకోండి. యాభై ఏళ్ల మనిషిని "ఏమే, ఇట్రా" అని పిలిచి ఉత్సాహంగా పనిచేయమంటే ఎలా? అక్కా, అన్నా అనడానికి ఖర్చేమీ లేదు. భక్తులను "స్వామీ" అని, పక్కకు తిరిగి స్టాఫ్‌ను "ఒరేయ్" అని పిలిచే కౌంటర్లు ఈ ఊళ్లో చాలానే చూశాను. పెద్దవాళ్లకు మీరు పని చెప్పకండి, పని అడగండి. "అన్నా, రేపు గరుడ సేవ, నీళ్ల ట్యాంకు సంగతి ఏం చేద్దాం?" అంటే ఆయన పదేళ్ల అనుభవం మొత్తం విప్పుతాడు.

నాకే విసుగ్గా ఉంది. ఇంక వాళ్లకేం చెప్పను?

నాకూ వస్తుంది, ముఖ్యంగా జూన్ రెండో వారంలో. నేను చేసేది చిన్నది. డ్యూటీ దిగేముందు లాగ్‌బుక్ చివరి పేజీలో ఆ రోజు పూర్తయిన పనులు మూడు రాస్తాను. "మూడో అంతస్తు గీజర్ రిపేరు. బిల్లు గొడవ తీరింది. కొత్త అబ్బాయికి చెకిన్ నేర్పాను." మా పనిలో రోజంతా పరుగెత్తినా రాత్రికి ఏమీ చేయలేదనిపిస్తుంది, ఎందుకంటే సర్దిన గది మళ్లీ మాయాలి, తీసిన తాళం మళ్లీ వేయాలి. రాసుకుంటే కంటికి కనబడుతుంది.

రెండోది, వారంలో ఒకరోజు ఫోన్ ఇంకొకరి చేతిలో పెడతాను. మొదట్లో భయమేసింది. నేను లేకపోతే లాడ్జి మునిగిపోతుందనుకున్నాను. మునగలేదు. కొంచెం బాధ కలిగిన మాట నిజం.

మీ విసుగును దాచి, లేని నవ్వు తెచ్చిపెట్టుకోవాల్సిన పని లేదు. "ఇవాళ నాకు బాగోలేదబ్బా, కొంచెం చూసుకోండి" అని అంటే వాళ్లే చూసుకుంటారు.

బద్ధకమో, నిజంగా అలసిపోయారో ఎలా తెలుస్తుంది?

బద్ధకస్తుడు మొదటి నుంచీ అంతే. నిన్నటిదాకా బాగా చేసినవాడు మారిపోతే అనుమానించండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌ను జబ్బుగా కాకుండా పనికి సంబంధించిన పరిస్థితిగా తన జాబితాలో వివరించింది. శక్తి అయిపోయినట్టుండటం, పని మీద విరక్తి లేదా వెటకారం, ఏం చేసినా సరిగా కావట్లేదన్న భావన, ఈ మూడు లక్షణాలు చెప్పింది. మా రిసెప్షన్లో అందరికంటే నెమ్మదైన అమ్మాయి ఒకసారి ముసలాయన మీద అరిచింది. చార్ట్ తీసి చూస్తే వరసగా పదకొండు రోజులు, అందులో ఐదు నైట్లు. తప్పు ఆ అమ్మాయిదని ఎలా అంటాను? ఆ చార్ట్ మీద సంతకం నాది.

నిద్ర పట్టకపోవడం, దిగులు వారాల తరబడి ఉంటే మన సలహాలతో సరిపెట్టకండి. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 ఉంది. ఉచితం, తెలుగులోనూ మాట్లాడవచ్చు.

మా పైవాళ్లకు ఇవేమీ పట్టవు. నేనొక్కడినే ఏం చేయగలను?

జీతాలు మీ చేతిలో ఉండవు. చార్ట్, పిలుపు, మెచ్చుకోలు, తాగే నీళ్లు, కూర్చోవడానికి ఒక స్టూలు మీ చేతిలో ఉంటాయి. పైకి చెప్పేటప్పుడు "స్టాఫ్ బాధపడుతున్నారు" అనకుండా "ఈ ఏడాది ఏడుగురు మానేశారు, ఒక్కొక్కరికి పని నేర్పడానికి నెల పట్టింది" అని చెప్పండి. యజమానులకు అంకెలు త్వరగా వినిపిస్తాయి.

మంచివాళ్లంతా శ్రీసిటీకో, చెన్నైకో, బెంగళూరుకో వెళ్లిపోతున్నారు.

వెళ్తారు. ఆపకండి. చివరి రోజు లెక్క పైసాతో సహా చేతిలో పెట్టి పంపండి. ఉన్నవాళ్లు దాన్నే చూస్తారు. మా దగ్గర ఇద్దరు తిరిగొచ్చారు.

గంగమ్మ జాతరకు సగం మంది సెలవు అడుగుతారు. అది మే రద్దీలోనే వస్తుంది కదా?

మా ఊరి గ్రామదేవత తాతయ్యగుంట గంగమ్మకు వేషం మొక్కుకున్నవాడికి "రద్దీ తగ్గాక వేసుకో" అని చెప్పలేం. అందుకే మార్చిలోనే ఎవరికి ఏ రోజు కావాలో అడిగి రాసుకుంటాను. మొక్కున్నవాళ్లకు ముందు, మిగతావాళ్లకు చీటీలు. నిరుడు దొరికినవాళ్లు ఈ ఏడాది వరసలో చివర. ఆ రోజుల్లో పల్లెల నుంచి వచ్చేవాళ్లు డ్యూటీ చూస్తారు, పశువుల పండక్కి టౌన్ వాళ్లు వీళ్ల డ్యూటీ చూస్తారు.

జాతరలో ఒక్కో రోజు ఒక్కో వేషం. ఒక ఏడాది తోటి వేషం రోజున మా రూమ్ బాయ్ ఒకడు ఒళ్లంతా బొగ్గు పూసుకొని, వేపాకు పట్టుకొని, సరాసరి లాడ్జి రిసెప్షన్‌కు వచ్చాడు. వేషంలో ఉన్నవాళ్లు ఎవరినైనా బూతులు తిట్టవచ్చు, తిరుపతిలో దానికి ఎవరూ కోపం తెచ్చుకోరు. వాడు నన్ను తిట్టాడు, పేరు పెట్టి, ఐదు నిమిషాలు, భక్తుల ముందు. రిసెప్షన్ అమ్మాయి కౌంటర్ కింద దూరి నవ్వింది.

మర్నాడు ఆరున్నరకు డ్యూటీకి వచ్చాడు. చెవుల వెనక బొగ్గు ఇంకా పోలేదు. పక్కకు పిలిచి, "ఏరా, నిన్న తిట్టినవాటిలో నిజంవి ఎన్ని?" అని అడిగాను. కాసేపు నేల చూసి, "రెండు, సార్" అన్నాడు. ఒకటి, నైట్ డ్యూటీ వాళ్లకు మూడింటప్పుడు టీ లేకపోవడం. ఆ వారమే ఫ్లాస్కు కొన్నాం. రెండోది మా యజమాని బంధువు ఒకాయన గురించి. దానికి ఇంకా దారి దొరకలేదు.